ఆరు వేల నత్తలు

బడి స్టాఫ్ రూమ్,
సోమవారం, మూడో పీరియడ్

పుస్తకాలమ్మకు,

ఫోన్ చేస్తే నువ్వు మాట మార్చేస్తావు, నేను అడగాల్సింది మర్చిపోతాను. అందుకే కాగితం మీద తగులుకుంటున్నాను.

మా జీవశాస్త్రం టీచర్ బదిలీ మీద వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళు వచ్చేదాకా పదో తరగతికి ఆ సబ్జెక్టు ఎవరు చెబుతారని హెడ్మిస్ట్రెస్ అడిగితే అందరూ తలలు దించుకున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తున్న నేను దొరికిపోయాను. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని, ఇప్పుడు ఆవరణ వ్యవస్థ, ఆహారపు గొలుసు, ప్రకృతి వరణం అంటూ నోరు తిరగని మాటలు చెబుతున్నాను. అదీ నువ్వు రాసిన పుస్తకంలోంచి, ప్రెస్సులో మీ అన్నయ్య పేజీలు కట్టిన పుస్తకంలోంచి. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి నా ప్రాణం తీస్తున్నారు.

అయితే ఒక్క పేజీ మాత్రం నాకు నచ్చింది. ‘ఇవి చేయండి’ అని డబ్బా కట్టి, ఒకచోట ఎన్ని జీవులున్నాయో అన్నిటినీ పట్టుకోకుండా లెక్కపెట్టడం ఎలాగో రాశావు కదా, అది. హమ్మయ్య, ఇక్కడైనా లెక్క ఉందనుకున్నాను. బడి వెనక రెల్లు మడుగు ఉందిగా, పిల్లల్ని అక్కడికి తోలుకుపోయాను. రెల్లు ఆకుల మీద చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ నత్తలుంటాయి. నూట యాభై పట్టి, బోర్డు మీద గళ్ళు గీసే తెల్ల పెయింటుతో గుల్ల మీద ఒక్కో చుక్క పెట్టి, ఎక్కడివక్కడ వదిలేశాం. పది రోజులాగి మళ్ళీ వెళ్ళి నూట ఇరవై పట్టాం. వాటిలో చుక్కలవి మూడే. అంటే నలభైకి ఒకటి. మనం చుక్క పెట్టినవి నూట యాభై కాబట్టి, మొత్తం నూట యాభై నలభైలు. ఆరు వేలు!

నా తరగతిలో లెక్కకు జవాబు వస్తే పిల్లలు చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి. నీ పుణ్యమే.

నీ లెక్కల వదిన


పాఠ్యపుస్తకాల కార్యాలయం, రెండో అంతస్తు,
గురువారం

లెక్కల వదినకు,

చదువుకునే రోజుల్లో కప్పను కోయమంటే బల్లెక్కి కూర్చున్న మనిషివి, నా పక్క బెంచీలో. అలాంటిదానివి బురదలో దిగి నత్తల్ని పట్టావంటే నా పుస్తకం ధన్యమైనట్టే. నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. ‘పుస్తకం చూసి నిజంగా చేసేవాళ్ళు కూడా ఉంటారా’ అని మా పెద్దాయన ఆశ్చర్యపోయాడు.

నీకో సంగతి చెప్పనా? మీ ఆకుపచ్చ నత్త సామాన్యమైనది కాదు. చుట్టుపక్కల ఇంకే మడుగులోనూ అది లేదు. ఎప్పుడో ఆ చుట్టూ నేల ఎండిపోయి, మిగతా మడుగుల నత్తలతో రాకపోకలు తెగిపోయి, అక్కడ మిగిలినవి తరతరాలకీ కొంచెం కొంచెం మారుతూ వచ్చాయి. రెల్లు రంగులో ఉన్నవి పిట్టలకు కనబడక బతికాయి, కనబడినవి పోయాయి. అలా వేల ఏళ్ళకు అది వేరే రకమే అయిపోయింది. పరిణామం అంటే ఏమిటని పిల్లలడిగితే కిటికీ తెరిచి చూపించు, చాలు.

మడుగుల పరిశీలన సంఘంలో నేనూ మెంబర్నని తెలుసుగా. వచ్చే బుధవారం సమావేశం. ఆ నత్తలెన్నో ఇంతవరకూ ఎవరూ లెక్కపెట్టలేదు. నీ లెక్కను బడి కాగితం మీద, పద్ధతి వివరంగా రాసి, సంతకంతో పంపుతావా? త్వరగా.

నీ మరదలు


బడి స్టాఫ్ రూమ్,
శనివారం

పుస్తకాలమ్మకు,

ఇదిగో, అడిగినట్టే పంపుతున్నాను. నా సంతకం కింద పిల్లలందరూ సంతకాలు పెడతామని గొడవ చేస్తే సరే అన్నాను. అక్షరాలు వంకరగా ఉన్నా లెక్క తిన్నగా ఉంది.

మడుగు దగ్గర బోర్డు పెడతారా టీచర్, మన పేర్లు రాస్తారా అని ఒకటే అడుగుతున్నారు. నేను పైకి కసిరాను గానీ నాకూ ఆ ఆశ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ మడుగును చూస్తున్నాను. మనసు బాగోలేని రోజుల్లో దాన్ని చూస్తూనే పాఠం చెప్పాను. దానికి ఉపయోగపడే పని ఒకటి చేశానంటే నాకెంత సంతోషంగా ఉందో నీకు చెప్పలేను.

లెక్కల వదిన


పాఠ్యపుస్తకాల కార్యాలయం,
శుక్రవారం

వదినకు,

సమావేశం అయింది. ఇది నేను చెబితేనే బాగుంటుంది. మడుగు పూడ్చి బస్ డిపో కడతారు. వచ్చే నెల ఒకటో తారీఖున పని మొదలవుతుంది.

రూలు ప్రకారం అరుదైన జీవి వెయ్యికి లోపు ఉంటేనే ఆ చోటు ముట్టుకోకూడదు. ఆరు వేలున్నాయని తేలింది కాబట్టి, కొన్నింటిని పట్టుకెళ్ళి వేరే మడుగులో వదిలితే చాలని తీర్మానించారు. నేను చెప్పగలిగింది చెప్పాను. నీ లెక్క పక్కాగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ లెక్క దేనికో ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు చెయ్యి వణక్కుండా రాయలేవు. నిన్ను ఎరుగుదును కదా.

నీ మరదలు


ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం

మరదలికి,

మెచ్చుకున్నారా! నా చేతే దాని చావు కాగితం రాయించి, పిల్లల చేత సాక్షి సంతకాలు పెట్టించి, మెచ్చుకున్నారని నాకు చెబుతావా?

సరే, నా ఏడుపు తర్వాత. ముందు ఇది జాగ్రత్తగా చదువు. లెక్క తప్పు.

నిన్న మడుగు చుట్టూ ఊరికే తిరుగుతున్నాను. అవతలి గట్టున ఒక చదును రాయి ఉంది. దాని చుట్టూ నత్త గుల్లలు పగిలి పడి ఉన్నాయి. వంగి చూస్తే ప్రతిదాని మీదా తెల్ల చుక్క. కూర్చుని ఏరాను. నూట ముప్పై ఒకటి. నేనక్కడ ఉండగానే ఒక గోధుమరంగు పిట్ట నత్తను ముక్కున పట్టుకొచ్చి రాయికేసి కొట్టి తిని వెళ్ళింది.

అర్థమైందా? ఆకుపచ్చ రెల్లులో ఆకుపచ్చ నత్త పిట్టకు కనబడదు. మేం తెల్ల చుక్క పెట్టి చూపించాం. చుక్కలవన్నీ పిట్టల కడుపులోకి పోయాయి. అందుకే రెండోసారి మూడే దొరికాయి. చుక్కలవి ఎంత తక్కువ దొరికితే లెక్కలో మొత్తం అంత ఎక్కువ వస్తుంది. మేం చంపిన కొద్దీ జనాభా పెరిగినట్టు కనిపించింది. లెక్కల టీచర్ని, ఇది నాకు తట్టలేదు చూడు.

ఇవాళ పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వందింటికి గుల్ల అడుగున, కనబడకుండా నల్ల చుక్క పెడుతున్నాను. పది రోజుల్లో అసలు సంఖ్య పంపుతాను. నువ్వు ఈలోగా సంఘానికి ఒక ఉత్తరం రాయి, ఆగమని. పొరపాటు నాదేనని రాయి, ఫర్వాలేదు. ఒకటో తారీఖు లోపల రాయి.

వదిన


బడి స్టాఫ్ రూమ్,
బుధవారం

మరదలికి,

జవాబు లేదు. లెక్క అయింది. తొంభై పట్టాం, ఇరవై చుక్కలవి దొరికాయి. మొత్తం నాలుగు వందల యాభై. వెయ్యిలో సగం కూడా లేవు. మూడుసార్లు సరిచూశాను.

ఇంకా పదహారు రోజులుంది.

వదిన


పాఠ్యపుస్తకాల కార్యాలయం,
శుక్రవారం

వదినకు,

పని ఒత్తిడిలో రాయలేకపోయాను, కోప్పడకు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. కానీ నేను సొంతంగా వెళ్ళి చెబితే, వదిన కోసం మాట మారుస్తోందంటారు. తప్పు చేసినవాళ్ళే రాస్తే బలంగా ఉంటుంది. ‘నా అజాగ్రత్త వల్ల చుక్కలు కనబడేలా పెట్టాం, అందువల్ల లెక్క తప్పింది’ అని ఒక కాగితం రాసి హెడ్మిస్ట్రెస్ ద్వారా పంపించు. అందులోనే ఇంకో వాక్యం చేర్చు. ‘పాఠ్యపుస్తకంలోని పద్ధతిలో ఎలాంటి లోపమూ లేదు’ అని. లేకపోతే వాళ్ళు పద్ధతినే అనుమానించి రెండో లెక్కను కూడా కొట్టిపారేస్తారు.

నీ మంచికే చెబుతున్నాను.

మరదలు


ఇల్లు,
మంగళవారం

పాఠ్యపుస్తక రచయిత్రి గారికి,

తమరు చెప్పినట్టే రాశాను. అజాగ్రత్త అని రాశాను. పద్ధతిలో లోపం లేదని రాశాను. హెడ్మిస్ట్రెస్ ఆ కాగితాన్ని సంఘానికి పంపింది గానీ, బడి పరువు తీశానని నాకు మెమో ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో మొదటి మెమో. మడుగు కోసం కదా అని దులిపేసుకున్నాను.

నిన్న రాత్రి అన్నం దగ్గర మీ అన్నయ్యకు ఆ మెమో చూపించాను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

“ఆ పేజీ కట్టింది నేనే,” అన్నారు.

“అయితే ఏమిటి?”

“రెండు లైన్లు కిందికి దిగిపోయాయి. డబ్బాలో పట్టలేదు. చెల్లికి ఫోన్ చేశాను. చివరి రెండు వాక్యాలు పీకెయ్యి అన్నయ్యా, అంది.”

“ఏ వాక్యాలు?”

“చుక్కను గుల్ల అడుగున, పిట్టల కంటికి కనబడని చోట పెట్టాలి. తెల్ల రంగు వాడకూడదు.”

అప్పచెప్పినట్టు చెప్పారు. మీ అన్నయ్యకు తను కట్టిన పేజీలన్నీ నోటికొస్తాయి, నీకు తెలుసుగా.

“ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నారు?” అని అడిగాను.

“దాని ఉద్యోగానికి ముప్పు కదా,” అన్నారు. “అదే చెబుతుందిలే అనుకున్నాను.”

మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు. ఈ ఇంట్లో నేను పరాయిదాన్నని ఇన్నేళ్ళకు తెలిసింది.

నేను తెల్ల పెయింటు సంగతి రాసిన మొదటి ఉత్తరం నాడే నీకు తెలుసు. ఆరు వేలనేది తప్పుడు లెక్కని తెలిసే దాన్ని సంఘం బల్ల మీద పెట్టావు. తర్వాత, లోపం లేదని నా చేతే రాయించుకున్నావు. కప్పను కోసేటప్పుడు నీ చెయ్యి ఎంత నిలకడగా ఉండేదో ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంకా పది రోజులుంది. నాకేం సంజాయిషీలు వద్దు. సంఘానికి రెండు లైన్లు రాయి. నువ్వు పీకేసినవి రెండు లైన్లే కదా.


ఇల్లు,
శనివారం

వదినా,

ఆఫీసు నుంచి రాయలేక ఇంటి నుంచి రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

అవును, పీకెయ్యమన్నాను. అప్పుడు నా ముందు ఇంకా తొంభై పేజీలున్నాయి, వారంలో అచ్చుకు వెళ్ళాలి. ఆ వాక్యాలు ఎవరు చూస్తార్లే అనుకున్నాను. అసలు ఆ పని చేసేవాళ్ళే ఉండరనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో తెల్ల పెయింటు అన్న మాట చదవగానే నాకు సంగతి అర్థమైంది. సమావేశంలో చెబుదామనే లేచాను. ‘ఈ లెక్కకు ఆధారం ఏమిటి’ అని అడిగారు. ‘మా పాఠ్యపుస్తకం’ అన్నాను. అందరూ తలలూపారు. ఇక కూర్చున్నాను.

ఆ పుస్తకం ఇవాళ లక్షల మంది పిల్లల చేతుల్లో ఉంది. దానిలో తప్పుందని నేనే ఒప్పుకుంటే అన్ని కాపీలూ వెనక్కి తెప్పిస్తారు. కొత్త ముద్రణ నాకు ఇవ్వరు. పదిహేనేళ్ళు పడ్డ కష్టం గంగలో పోతుంది. నాకు పిల్లల్లేరు, మొగుడు లేడు. నాకున్నది ఆ పుస్తకమొక్కటే. నీకు ఇల్లుంది, మా అన్నయ్య ఉన్నాడు. మెమో అన్నది ఫైల్లో పడి ఉండే కాగితం, ఎవరూ తీసి చూడరు.

నేను రాయలేను వదినా. కొత్త ముద్రణలో ఆ వాక్యాలు మళ్ళీ పెడతాను. ఒట్టు.

నువ్వు నన్ను ఎన్ని తిట్టినా పడతాను.


బడి స్టాఫ్ రూమ్,
రెండో తారీఖు

నువ్వు రాయలేదు. నేను రాశాను, నీ పుస్తకంలోంచి ఏం పీకేశారో అంతా. ‘పద్ధతిలో లోపం లేదని మీరే సంతకం పెట్టారు, ఇప్పుడు ఉందంటున్నారు, రెంటిలో ఏది నమ్మాలి’ అని జవాబిచ్చి, సంఘం పాత తీర్మానమే ఉంచింది. మీ అన్నయ్య సాక్ష్యం రాసిస్తానని కాగితం ముందేసుకుని గంట కూర్చున్నారు. తర్వాత లేచి, కలానికి మూత పెట్టి, చెల్లెలు కదే, అన్నారు. మేం మాట్లాడుకోవడం లేదు.

నిన్న లారీలు వచ్చాయి. కొన్ని నత్తల్ని వేరే మడుగుకు తరలించాలని రూలు కదా. ఇద్దరు మనుషులు రెండు ప్లాస్టిక్ డబ్బాలతో వచ్చి, అరగంట వంగి, లేచి వెళ్ళిపోయారు. తర్వాత మట్టి పోశారు. మూడు లోడ్లకు రెల్లు కనబడలేదు. మధ్యాహ్నానికి మడుగు లేదు.

నేను ఆ టైముకు తరగతిలో ఉన్నాను. ఆవరణ వ్యవస్థలో ఒక జీవి పోతే దాని మీద ఆధారపడినవి ఏమవుతాయి అన్న పాఠం. కిటికీ మూసేశాను, చప్పుడుకు పిల్లలకు వినబడడం లేదని. ఆ గోధుమరంగు పిట్టలు రెండు రోజులుగా బడి కాంపౌండు గోడ మీద కూర్చుంటున్నాయి. ఎక్కడికి పోవాలో వాటికీ తెలియడం లేదు.

నాకు ఉత్తరాలు రాయకు.


పాఠ్యపుస్తకాల కార్యాలయం, మూడో అంతస్తు,
సోమవారం

వదినకు,

ఏడాదైంది. రాయొద్దన్నావు, ఆగాను. అన్నయ్య కూడా నీ సంగతులేవీ చెప్పడు.

కొత్త ముద్రణ వచ్చింది. ఒక కాపీ దీనితో పంపుతున్నాను. నూట పన్నెండో పేజీ చూడు. మాట ఇచ్చినట్టే ఆ రెండు వాక్యాలూ పెట్టించాను, లావుపాటి అక్షరాల్లో. ఇంకో పని కూడా చేశాను. పాఠం చివర నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి కొత్తగా చేర్చాను. ‘ఒక టీచర్ నత్తల గుల్లలపై తెల్ల చుక్కలు పెట్టి లెక్కించగా ఆరు వేలు అని వచ్చింది. అసలు సంఖ్య నాలుగు వందల యాభై. ఈ తప్పునకు కారణం ఏమిటి?’ ఇక ఆ తప్పు ఇంకెవరూ చెయ్యరు. జరిగినదానికి ఈపాటి ప్రయోజనమైనా ఉండాలనుకున్నాను. ఇక్కడ అందరికీ ఆ ప్రశ్న బాగా నచ్చింది. పబ్లిక్ పరీక్షలో ఇస్తారని వింటున్నాను.

నన్ను పై అంతస్తుకు మార్చారు. నీతో చెప్పుకోవాలనిపించింది. నీ కోపం పోయిందా?

నీ మరదలు


పేపర్లు దిద్దే కేంద్రం, భోజన విరామం

మరదలికి,

ప్రశ్న వచ్చింది. నన్ను కూడా దిద్దడానికి వేశారు. రెండేళ్ళుగా నేను చెప్పేది జీవశాస్త్రమే కదా. రోజుకు నలభై పేపర్లు. ఎవరి పిల్లలో, ఏ బడి వాళ్ళో తెలియదు, నంబర్లే ఉంటాయి.

జవాబుల కీ నువ్వే తయారుచేశావని చెప్పారు. ఆ ప్రశ్నకు కీలో ఉన్నది ఇది: ‘టీచర్ అజాగ్రత్త. గుర్తు పెట్టే పద్ధతిని సరిగా పాటించకపోవడం.’ పిల్లలు బట్టీ పట్టి అచ్చం అలాగే రాశారు. టీచర్ అజాగ్రత్త, టీచర్ అజాగ్రత్త. మూడు రోజులుగా నా తప్పును నేనే చదువుకుంటూ, పక్కన నాలుగేసి మార్కులు వేస్తున్నాను. మొదటి రోజు ఒక్కో నాలుగునూ కలం ఆపి ఆపి వేశాను. ఇవాళ చెయ్యి దానంతటదే పోతోంది.

పొద్దున ఒక పేపర్ వచ్చింది. ఆ పిల్లో పిల్లాడో ఇలా రాశారు: ‘చుక్క ఎక్కడ పెట్టాలో ఆ టీచర్‌కు ఎవరూ చెప్పి ఉండరు. ఆమె చదివిన పుస్తకంలో ఏముందో చూస్తే గానీ తప్పు ఎవరిదో చెప్పలేం.’ అంతే, రెండు వాక్యాలు. ఏడ్చానని రాయనీ, నీకు తెలియాలి. ఇన్నాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నాలుగుకు నాలుగు వేశాను.

సరిచూసే పెద్దాయన వెంటనే పట్టుకున్నాడు.

“ఇది కీలో లేదు కదమ్మా?”

“కీయే తప్పయితేనో?”

“అది మనం చూసుకునేది కాదు,” అన్నాడు, చాలా మర్యాదగా. ఆ నాలుగును కొట్టేసి సున్నా చుట్టాడు. దిద్దుబాటు పక్కన నన్ను పొడి సంతకం పెట్టమన్నాడు.

పెట్టాను.